సువార్తమ్మగారు దింపిన ఫ్లెక్సీ

మా ఆఫీసు కింద ఎరువుల దుకాణం ఎత్తేసి, ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు పెట్టారు. చోడవరం మెయిన్ రోడ్డు నుంచి మెట్లెక్కి మా గదుల్లోకి రావాలంటే ఇప్పుడు ఆ వాసన దాటుకునే రావాలి. కొత్త ఫ్లెక్సీ వాసన మీకు తెలిసే ఉంటుంది. రంగూ, కిరసనాయిలూ, వేడెక్కిన ప్లాస్టిక్కూ కలిపినట్టుంటుంది. పుట్టినరోజులకీ, ఓణీల ఫంక్షన్లకీ, నాయకుల రాకలకీ అక్కడి మిషను పొద్దున్నించి ఆడుతూనే ఉంటుంది. వేరేవాళ్ళకైతే ఆ వాసనకి తలనొప్పి వస్తుందేమో గానీ నాకు ఒళ్ళు మండుతుంది. మెట్ల మీద అది ముక్కుకి తగిలిన ప్రతిసారీ సువార్తమ్మగారు గుర్తొస్తారు. పైట నడుముకి దోపుకుని, ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి, అంతమంది జనం ఎదుట ఫ్లెక్సీ తాడు విప్పుతున్న సువార్తమ్మగారు.

ఆవిడ పోయాక ఊళ్ళో సంస్మరణ సభ పెట్టారు. సేవామూర్తి అన్నారు. కరుణామయి అన్నారు. ఒకాయన మైకు పట్టుకుని, ఆవిడ ఏనాడూ గట్టిగా మాట్లాడి ఎరగరని కూడా సెలవిచ్చాడు. ఆవిడ కోపం ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు. సువార్తమ్మగారిలో కరుణ లేదని కాదు, ఉంది. కానీ అది బయటికొచ్చేది ఎప్పుడూ కోపంగానే. ఆ కోపం వల్ల బాగుపడినవాళ్ళు సభలో వెనక వరసల్లో కూర్చున్నారు, వాళ్ళని ఎవరూ మాట్లాడమనలేదు. ముందు వరసలో కూర్చున్నవాళ్ళే ఆ కోపాన్ని ఒక్కొక్కరూ తుడిచి, కడిగి, పూలదండ వేసి పెట్టేశారు. ఆవిడని ఎరగనివాళ్ళు అదే నిజమనుకుంటారేమోనని భయమేసి ఇది రాస్తున్నాను.

సువార్తమ్మగారు మిషన్ స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. ఆ తరవాత ఇంట్లో కూర్చోలేక చిన్న సొసైటీ ఒకటి రిజిస్టరు చేయించి, ఎరువుల దుకాణం పైన రెండు గదులు అద్దెకి తీసుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ళకి ఏం కావాలో తెలుసుకోవడం, దానికి డబ్బు ఎవరి దగ్గరుందో వెతకడం, వెళ్ళి అడగడం, అదే ఆవిడ పని. ఒక ఊరికి బోరు మోటారు, ఒక బడికి ఆడపిల్లల మరుగుదొడ్లు, ఇంకోచోట కుట్టు మిషన్లు. పెద్ద కంపెనీలు తమ లాభంలో కొంత సమాజానికి ఖర్చు పెట్టాలన్న చట్టం వచ్చాక ఆ కంపెనీల ఫౌండేషన్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. అప్పటికి మాదింకా విశాఖ జిల్లాయే. ఆ ఆఫీసులన్నీ విశాఖపట్నంలోనే ఉండేవి. వాళ్ళకి అన్నీ ఇంగ్లీషులో రాసివ్వాలి కాబట్టి ఒక మనిషి కావాల్సి వచ్చింది. అలా నేను దొరికాను.

మాది వడ్డాది. నాన్నకి కొద్దిపాటి చెరకు ఉండేది. బీకాం పూర్తిచేసి బ్యాంకు పరీక్షలు రాస్తూ, ఫెయిలవుతూ ఉన్నాను. ఎవరో చెబితే షేర్ ఆటో ఎక్కి చోడవరం వచ్చాను. సువార్తమ్మగారు నా సర్టిఫికెట్లు తెరిచి కూడా చూడలేదు.

"ఇంగ్లీషులో ఉత్తరం రాయగలవా?"

"రాయగలనండి."

"కోపం వస్తాదా?"

నాకేం చెప్పాలో తెలియలేదు. ఉద్యోగానికి శాంతం కావాలేమోనని, "రాదండి" అన్నాను.

"అయితే కష్టమే. సర్లే, జీతం తక్కువ కదా, అదే వస్తాది" అన్నారు.

కోపం నిజంగానే వచ్చింది. జీతం మీద కాదు. మొదటి నెలల్లో ఆవిడ వెంట ఆఫీసులకి వెళ్ళినప్పుడు నేను చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. కూర్చోమన్నా కుర్చీ అంచున కూర్చునేదాన్ని. బయటికొచ్చాక ఆవిడ నన్ను దులిపేసేవారు. "ఏటే రత్నం, ఆళ్ళ జేబులోది ఇస్తన్నారా? కంపెనీ మన నేల మీద, మన నీళ్ళతో సంపాదించింది. చట్టం పెట్టమంది, పెడతన్నారు. మనం దేహీ అని ఎల్లలేదు. పని ఉందని సెప్పడానికి ఎల్లేం. నడుం వంచకు." ఆ మాటలు రోడ్డు మీద, బస్సు కోసం నిలబడి, పదిమంది వినేలా అనేవారు. నాకు సిగ్గేసేది. ఇప్పుడు నేనే కొత్తగా చేరిన పిల్లలతో అలా అంటుంటాను. వాళ్ళకీ సిగ్గేస్తుంది కాబోలు.

రావికమతం దాటాక వాగు, మా మాటలో గెడ్డ, దాని ఒడ్డున ఉన్న పల్లె గురించి చెప్పాలి. అక్కడివాళ్ళకి సొంత భూములు లేవు. చెరకు సీజన్లో మగాళ్ళూ ఆడాళ్ళూ జట్లుగా కలిసి చెరకు కొట్టడానికి వెళ్తారు. నరికి, ఆకు దూసి, కట్టలు కట్టి, ఫ్యాక్టరీకి వెళ్ళే ట్రాక్టర్లకి ఎక్కించాలి. తెల్లవారకముందే తోటలో ఉండాలి. పసిపిల్లల్ని ఎక్కడ పెడతారు? తోట గట్టున రెండు కర్రలు పాతి చీర ఉయ్యాల కడతారు. నడిచే వయసు పిల్లలైతే ఆకుల మధ్యే తిరుగుతుంటారు. అంగన్‌వాడీ ఉంది కదా అని పట్నం వాళ్ళు అడుగుతారు. ఉంది, గెడ్డ అవతల ఊళ్ళో. అది తెరిచే వేళకి వీళ్ళు సగం మడి కొట్టేసి ఉంటారు.

ఆ పల్లెలో అప్పలమ్మ అనే మనిషి మమ్మల్ని తోటలోకి తీసుకెళ్ళింది. ఆమె కూతురు గౌరి అప్పటికి నాలుగైదేళ్ళ పిల్ల. నడక నేర్చిన కొత్తలో ఎండు చెరకాకు కంటికి కోసుకుపోయింది. చెరకాకు అంచు ఎలా ఉంటుందో చెరకు ముట్టుకున్నవాళ్ళకే తెలుసు. సీజను మధ్యలో కూలి మానుకోలేక నాలుగు రోజులు పసరు పోసి చూశారు. అనకాపల్లి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ఆ కంట్లో పువ్వు పడింది, చూపు పోయింది. మేము వెళ్ళేసరికి అప్పలమ్మకి మళ్ళీ కడుపు. "ఈ పాలి పుట్టినదాన్ని కూడా ఈ గట్టు మీదే పెట్టాలమ్మా. ఇంకెక్కడ పెడతాను?" అంది, కత్తి ఆపకుండానే.

కావాల్సింది పెద్దదేమీ కాదు. పల్లెలోనే ఒక పాక. సిమెంటు నేల, చుట్టూ దడి, తాగే నీళ్ళు, నాలుగు ఉయ్యాలలు, సీజన్లో పిల్లల్ని చూసుకునే మనిషి. అప్పలమ్మకి పుట్టబోయే బిడ్డ వచ్చే సీజనుకి తోట గట్టెక్కకూడదు. సువార్తమ్మగారు అదే గురిగా పెట్టుకున్నారు. విశాఖలో ఒక ఫౌండేషను ఇలాంటి పనులకి నిధులిస్తోందని తెలిసి దరఖాస్తు తెచ్చారు.

ఆవిడకి ఒక పద్ధతి ఉండేది. ఏ దరఖాస్తయినా పంపేముందు, అందులో ఎవరి గురించి రాశామో వాళ్ళని కూర్చోబెట్టి తెలుగులో చదివి వినిపించాలి. వాళ్ళు ఊఁ అంటేనే పోస్టులో వెయ్యాలి. దానివల్ల ఎన్నిసార్లు గడువు తప్పిపోయిందో. ఆ ఫౌండేషను వాళ్ళిచ్చిన నమూనాలో కొన్ని వాక్యాలు ముందే అచ్చువేసి ఉండేవి, ఖాళీల్లో ఊరిపేరు నింపడమే మన పని. "అవగాహన లేని తల్లులు పిల్లల్ని ప్రమాదకరమైన చోట్లలో వదిలేస్తున్నారు" అని ఒకటి. సువార్తమ్మగారు రచ్చబండ మీద కూర్చుని అది చదివేసరికి ఆడవాళ్ళంతా మొహాలు చూసుకున్నారు.

"అవగాహన లేకపోడం అంటే తెలీకపోడమే కదా?" అంది అప్పలమ్మ. "మాకు తెలీదని ఎవులు సెప్పేరు ఆళ్ళకి?"

సువార్తమ్మగారు ఆ వాక్యాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేసి, కాగితం చిరిగేదాకా కొట్టేసి, "చోటు లేని తల్లులు అని రాయి" అన్నారు నాతో. అలాగే రాసి పంపాం.

ఫౌండేషను నుంచి ఫోనొచ్చింది, ఊరు చూడటానికి మేనేజరుగారు వస్తున్నారని. మేమిద్దరం చోడవరంలో ఆయన కారు ఎక్కి దారి చూపిస్తూ వెళ్ళాం. ఊళ్ళోకి అడుగు పెట్టగానే సువార్తమ్మగారి మొహం చూశాను. రంగు మారిపోయింది. ఇళ్ళ గోడలకి కొత్త సున్నం. వీధి పొడుగునా పేడనీళ్ళ కళ్ళాపి, ముగ్గులు. పక్కూరి చర్చి నుంచి తెచ్చిన కుర్చీలు వరసగా వేసి, పైన షామియానా. ఆడవాళ్ళంతా పెట్టెల్లో దాచుకున్న పెళ్ళి చీరలు కట్టుకున్నారు, లేనివాళ్ళు అడిగి తెచ్చుకుని కట్టుకున్నారు. పిల్లలకి తలంటి, పౌడరు రాసి, బుగ్గన చుక్క పెట్టారు.

మా వైపు మర్యాద అది. మన పని మీద బయటినుంచి మనిషి వస్తున్నాడంటే ఆయన చుట్టం. చుట్టం ఎదుట మన లేమి పరచడమంటే ఆయన్ని ఇరుకున పెట్టడం, మనం చెయ్యి చాపడం. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి, చెప్పాల్సిన పనీ లేదు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నదే చేశారు. ఆ రోజు చెరకు కొట్టడానికి ఒక్కరూ వెళ్ళలేదు. చీర ఉయ్యాలలు విప్పి, ఉతికి, మడతపెట్టి లోపల పెట్టేశారు. నాటుకోడి పులుసు, గారెలు, బూరెలు, అల్లం పిండిన చెరకురసం. మేనేజరుగారు మొహమాటపడుతూనే రెండోసారి వడ్డించుకున్నారు. గౌరి ఏదని సువార్తమ్మగారు మెల్లిగా అడిగితే, అప్పలమ్మ ఇంకా మెల్లిగా జవాబు చెప్పింది.

"అమ్మమ్మోరి ఊరు పంపించేసేనండి. సుట్టాలు బోయినం సేస్తుంటే ఎదురుగా ఆ కన్నెందుకని."

చూడటానికొచ్చిన మనిషికి చూడాల్సినవి ఒక్కటీ లేకుండా చేశారు, గౌరవం కొద్దీ. సువార్తమ్మగారు ఎంత చెప్పినా, తోట దాకా రమ్మని ఎంత పిలిచినా ఆయన గడియారం చూసుకున్నారు. నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. మేం చూసినంతలో ఈ ఊరి స్థితి మెరుగ్గా ఉంది, అవసరం రుజువు కాలేదు, మీ ఆసక్తికి కృతజ్ఞతలు అని. నాకు ఇంగ్లీషు వచ్చినందుకు ఆ రోజు ఏడుపొచ్చింది, ఎందుకంటే దాన్ని ఆ ఊళ్ళో తెలుగులో చదవాల్సింది నేనే.

చదివాను. అప్పలమ్మ అడిగింది, "మా వంటేనా అమ్మా మమ్మల్ని ముంచింది?" అని.

"కాదు" అన్నారు సువార్తమ్మగారు. "తిన్నోడి కళ్ళు."

తరవాతి వారం ఆవిడ నన్ను వెంటబెట్టుకుని విశాఖలో ఆ ఆఫీసుకి వెళ్ళారు. మేనేజరుగారు మంచి మనిషిలాగే మాట్లాడారు, నాకు అసలు ఒళ్ళుమండేది అక్కడే. చల్లటి గదిలో కాఫీలు తెప్పించి, మాకు మేలు చేస్తున్నట్టు గొంతు తగ్గించి చెప్పారు.

"అమ్మా, మీరు తప్పుగా అనుకోకండి. మా బోర్డు ఊరు చూడదు, ఫైలు చూస్తుంది. ఫైల్లో ఏదో ఒకటి కనిపించాలి కదా. ఆ పాపకి కన్ను పోయిందన్నారు. ఆ పాప ఫోటో, మొహం దగ్గరగా, ఒక్కటి చాలు. మిగతాది నాకు వదిలెయ్యండి."

"మీరు ఆ ఊళ్ళో బోయినం సేసేరు" అన్నారు సువార్తమ్మగారు. "ఆ పూట కూలి మానుకుని పెట్టేరు ఆళ్ళు. అది ఫైల్లో ఎందుకు కనపళ్ళేదండి?"

ఆయన నవ్వారు. ఆవిడ కాఫీ ముట్టుకోకుండా లేచి, "గుంట ఫోటో ఇవ్వను, ఆ పిల్ల మొహం ఇవ్వను" అనేసి బయటికి నడిచారు. నేను వెనకే వచ్చాను. తిరిగొచ్చే బస్సులో అనకాపల్లి దాకా ఆవిడ తిట్టని మనిషి లేడు. నాకు గర్వంగా అనిపించింది. ఆ వయసులో కోపమంటే గెలుపే అనుకునేదాన్ని.

మర్నాడు పల్లెకి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పారు. మిగతా ఆడవాళ్ళు తలలూపారు. అప్పలమ్మ ఊపలేదు. నెలలు నిండిన కడుపుతో గడప మీద కూర్చున్న మనిషి, గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"ఆయనేటడిగేడు? ఫోటోయే కదా?"

"ఫోటోయే. గుంట కన్ను సూపించి డబ్బులడగమంటన్నాడు."

"ఆ కన్ను పోయింది అందుకే కదమ్మా. ఇంకో గుంటకి పోకుండా ఉంటాదంటే సూపిస్తే ఏటి?" అప్పలమ్మ అక్కడితో ఆగలేదు. "టీచరమ్మా, మర్యాద మీది. గుంట నాది. నన్నడక్కుండా మీరెందుకివ్వనన్నారు?"

సువార్తమ్మగారితో అలా మాట్లాడిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ నోరు తెరిచారు. నేను ఆ తిట్ల వాన కోసం చూస్తున్నాను. ఆవిడ మాత్రం, "నువ్వు సెప్పింది రైటు" అన్నారు. అక్కడే, అందరి ఎదుటా, నా ఫోను తీసుకుని మేనేజరుగారికి చేసి, ఫోటోగ్రాఫర్ని పంపమన్నారు. ఆ ఒక్క ఫోను చెయ్యడానికి ఆవిడకి ఎంత కష్టమైందో నాకు తెలుసు. ఆ పూట నాకు అప్పలమ్మ మీద కోపమొచ్చింది, సువార్తమ్మగారి మీదా వచ్చింది. ఇద్దరిలో ఎవరిది తప్పని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పలేకపోయేదాన్ని. ఇద్దర్నీ అలాంటి చోట నిలబెట్టినవాడు విశాఖలో ఏసీ కింద హాయిగా ఉన్నాడు.

ఫోటోగ్రాఫరు వచ్చాడు, మేనేజరుగారూ వచ్చారు. ముందే అచ్చేసి తెచ్చిన అనుమతి కాగితం మీద అప్పలమ్మ వేలిముద్ర వేసింది. గౌరిని ఎండలో స్టూలు మీద కూర్చోబెట్టారు, పువ్వు పడిన కన్ను వెలుగు వైపు ఉండేలా. కెమెరా ఎత్తగానే ఆ పిల్ల చేత్తో కన్ను మూసుకుంది. అతను చెయ్యి దించాడు. మళ్ళీ మూసుకుంది. మళ్ళీ దించాడు. అప్పుడు మేనేజరుగారు నవ్వుతూ జేబులోంచి రెండు చాక్లెట్లు తీసి, ఒక చేతిలో ఒకటీ, ఇంకో చేతిలో ఇంకోటీ పెట్టారు. "గట్టిగా పట్టుకో అమ్మా, పడిపోతాయి" అన్నారు. పిల్ల గట్టిగా పట్టుకుంది. రెండు చేతులూ నిండిపోయాయి. ఫోటో వచ్చింది. సువార్తమ్మగారు చూరు కింద నిలబడి అంతా చూశారు, ఒక్క మాట అనలేదు.

నిధులు మంజూరయ్యాయి. రెండు విడతలుగా ఇస్తామన్నారు. మొదటి విడతతో పాక లేచింది. సిమెంటు నేల, వెదురు దడి, కొళాయి, ఉయ్యాలలు అన్నీ సీజను నాటికి సిద్ధమయ్యాయి. అప్పలమ్మకి కొడుకు పుట్టాడు. ఆ బిడ్డ చెరకు తోట గట్టు ఎక్కలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నాకు గుండె నిండినట్టుంటుంది, ఎందుకంటే ఇంత గొడవా అందుకే.

ప్రారంభోత్సవానికి కంపెనీ పెద్దాయన వస్తున్నాడన్నారు. ఫౌండేషను వాళ్ళే పొద్దున్నే వచ్చి వేదిక కట్టి, పాకకి అడ్డంగా పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద పాక బొమ్మ లేదు. గౌరి మొహం ఉంది. ఒక కన్నే మనిషి తలకాయంత. కింద కంపెనీ గుర్తు. కొత్త గౌను వేసుకుని, రిబ్బను కత్తిరించడానికి పళ్ళెం పట్టుకోమని నిలబెట్టిన గౌరి తల ఎత్తి దాన్ని చూసింది. పళ్ళెం కింద పెట్టేసి, చేత్తో కన్ను మూసుకుంది. ఎవరు పిలిచినా ఆ చెయ్యి తియ్యలేదు.

సువార్తమ్మగారు కుర్చీ లాక్కుని ఎక్కారు.

"అమ్మా, ఏం చేస్తున్నారు? సార్ వచ్చే టైమైంది" అంటూ మేనేజరుగారు పరిగెత్తుకొచ్చారు.

"పాక కట్టేరు కదా. మీ సారుకి పాక సూపించండి. గుంటని కాదు."

ఆవిడ ఒక కొస విప్పేశారు. ఫ్లెక్సీ ఒక పక్కకి వాలిపోయి వేలాడింది. రెండో కొస అందలేదు. అప్పలమ్మ పసివాణ్ణి నా చేతుల్లో పెట్టి, రెండో వైపు వెళ్ళి, ముడి రాకపోతే నడుముకున్న చెరకు కత్తితో తాడు తెంపేసింది. "నాను ఫోటోకి ఒప్పుకున్నాను. దుప్పటంత బొమ్మకి కాదు" అంది మేనేజరుగారితో. ఆయన అక్కడున్న మనుషులందరినీ ఒకసారి చూసి, ఫోను చెవిన పెట్టుకుని పక్కకి వెళ్ళిపోయారు. పెద్దాయన కారు దారిలోనే వెనక్కి తిరిగిపోయిందని తరవాత తెలిసింది.

రెండో విడత రాలేదు. సంస్థ ప్రతిష్ఠకి భంగం కలిగించారని రాశారు. పిల్లల్ని చూసే మనిషికి జీతం ఆ విడతలోంచే ఇవ్వాలి. ఉయ్యాలలు ఉన్నాయి, ఊపే మనిషికి డబ్బు లేదు. నాకు ఆగలేదు. "అమ్మగారూ, ఆ ఒక్క పూట కాస్త తమాయించుకుని ఉంటే" అన్నాను.

"ఫోటో తీసిన పూట తమాయించుకున్నాను రత్నం" అన్నారావిడ. "ఏటైందో సూసేవు కదా."

దారి పల్లెలోనే దొరికింది. ఒక్కో జట్టులోంచి ఒకామె ఆ పూటకి పాకలో ఉండిపోతుంది. జట్టు తెచ్చిన కూలిలో ఆమెకి అందరితో సమానంగా వాటా. ఒక మనిషి తగ్గితే మిగతావాళ్ళ మీద పని పెరుగుతుంది, దానికి గొణిగినవాళ్ళూ ఉన్నారు, దెబ్బలాడుకున్నవాళ్ళూ ఉన్నారు. అయినా నడిచింది. ఇప్పటికీ సీజన్లో నడుస్తోంది. ఆ ఫౌండేషను వాళ్ళు మాత్రం ఏటేటా అచ్చేసే రంగుల పుస్తకంలో ఆ పాకని తమ పథకాల్లో వేసుకుంటూనే ఉన్నారు. సంస్మరణ సభలో ఆవిడ గట్టిగా మాట్లాడి ఎరగరన్న పెద్దమనిషి కూడా ఈ మేనేజరుగారే. ఇప్పుడు ఇంకా పెద్ద కుర్చీలో ఉన్నారు.

సువార్తమ్మగారి తరవాత ఆ రెండు గదులూ నా చేతికొచ్చాయి. నేనూ ఆఫీసులకి తిరుగుతున్నాను, దరఖాస్తులు రాస్తున్నాను, పంపేముందు ఊళ్ళో చదువుతున్నాను. వయసొచ్చింది, కాస్త పేరొచ్చింది, కుర్చీ నిండా కూర్చోవడం వచ్చింది. ఎదుటివాళ్ళు మర్యాదగా మాట్లాడుతున్నకొద్దీ కోపం చల్లారిపోతుందేమోనని భయం. చల్లారకుండా చూసుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే.

ఈ మధ్య ఒక సాయంత్రం గౌరి మెట్లెక్కి వచ్చింది. చోడవరంలో ఇంటర్ చదువుతోంది. ఫోను తీసి బల్ల మీద పెట్టింది. ఫౌండేషను వాళ్ళ వెబ్‌సైటులో మొదటి పేజీలోనే ఆ ఫోటో. చేతుల్లో చాక్లెట్లు కనపడకుండా కత్తిరించారు. "ఆశ కోసం ఎదురుచూపు" అని కింద రాశారు. క్లాసులో ఎవరో చూసి, నువ్వే కదా అని అడిగారట.

నేను అంతెత్తున లేచాను. ఇప్పుడే ఫోన్ చేస్తానన్నాను, లాయరు నోటీసు పంపిస్తానన్నాను, పేపరువాళ్ళకి చెబుతానన్నాను. అనుమతి ఉందని, నీ తల్లి వేలిముద్ర ఉందని వాళ్ళు అంటారు, అననీ, దానికేం చెప్పాలో నాకు తెలుసు అన్నాను. అచ్చం సువార్తమ్మగారిలా గది నిండా తిరుగుతున్నాను. గౌరి నేను ఆగేదాకా చూసి, అప్పుడు మాట్లాడింది.

"ఆంటీ, అమ్మ ఏలిముద్ర ఏసింది. టీచరమ్మగారు ఫోన్ సేసేరు, మళ్ళీ ఆవిడే ఫ్లెక్సీ దింపేరు. మీరిప్పుడు లాయరంటన్నారు. అంతా నా గురించే. ఎవరూ నన్నడగలేదు."

ఫోటో ఇవ్వననడం సువార్తమ్మగారి కోపం. ఇమ్మనడం అప్పలమ్మ కోపం. రెండూ న్యాయమైనవే. ఆ రెండింటి మధ్యా స్టూలు మీద కూర్చున్న పిల్లకి కూడా కోపం వచ్చి ఉంటుందని మాకు తట్టనే లేదు. చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ చెప్పింది కదా.

"సరే, ఇప్పుడడుగుతున్నాను. ఏం చేద్దాం?"

"నంబరు ఇవ్వండి" అంది.

ఇచ్చాను. స్పీకరు పెట్టి చేసింది. మేనేజరుగారి గొంతు వినపడగానే నా నాలుక దురద పెట్టింది. బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. సువార్తమ్మగారైతే కూర్చోలేకపోయేవారు, ఆ ఫోను లాక్కునేవారు.

"ఎవరండీ మాట్లాడేది?" అన్నారాయన.

"ఆ ఫోటోలో గుంటనండి" అంది గౌరి. "నా మొహం నాకు కావాలి. తీసెయ్యండి."

ఆయన ఏదో అనుమతి గురించి మొదలుపెట్టారు. గౌరి అడ్డు రాకుండా మొత్తం విని, మళ్ళీ అదే మాట అంది. ఆయన మంచిగా నచ్చజెప్పబోయారు. మళ్ళీ అదే అంది. గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు.

వారం తిరక్కుండా ఫోటో తీసేశారు. తప్పయిందని మాత్రం అటునుంచి ఎవరూ అనలేదు. ఆ మాట అనేదాకా రోజూ ఫోన్ చేస్తానంటోంది గౌరి. చెయ్యమన్నాను.